గంజి ఆరేలోపు కూటం

నేను బీయే పాసయ్యాను.

ఇన్నేళ్ళయినా ఈ మాట రాయగానే లేచి ఎవరికైనా చెప్పి రావాలనిపిస్తుంది. నారాయణపేటలో మా నేతవీధి నుంచి నాకంటే ముందు ఎవరూ ఆ పరీక్ష దాకా పోలేదు. మా నాయిన సంతకం నేర్చుకున్నదే నేను బడికి పోయిన తర్వాత. హైదరాబాదులో ఫలితం చూసుకొని, బస్సులో పక్కన కూర్చున్న ప్రతి మనిషికీ చెప్పుకుంటూ వచ్చి, ఇంటి గడపలో కాలు పెడుతూనే అరిచాను.

“నాయినా! పాసైన!”

నాయిన మగ్గం గుంటలో ఉన్నాడు. చేతిలో అడ్డపోగు నడిపే నాడె ఆపి నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు పూర్తిగా విచ్చుకోకముందే మళ్ళీ ముడుచుకుంది.

“సల్లని కబురు చెప్పినవు బిడ్డా. కాళ్ళు కడుక్కొని రా. షోలాపూరోళ్ళు కూటానికి రామని చెప్పి పంపిన్రు.”

నా బీయే అక్కడికి అయిపోయింది.

కూటం అంటే చెప్పాలి. మా తాతల కాలంలో సగం వీధి బతుకుదెరువుకు షోలాపూర్ పోయి అక్కడే స్థిరపడింది. అక్కడివాళ్ళూ ఇక్కడివాళ్ళూ ఏటా ఒకసారి కలుస్తారు. ఒక ఏడు వాళ్ళ ఊళ్ళో, ఒక ఏడు మా ఊళ్ళో. సంబంధాలు కలుపుకొనేది అక్కడే, తగవులు తీర్చుకొనేది అక్కడే. ఎవరింట్లో ఎవరు పుట్టినా, ఏ పిల్ల పెద్దమనిషైనా, కూటంలో నలుగురి ముందు చెప్పిందాకా మావాళ్ళ లెక్కలో అది జరగనట్టే. వచ్చేవాళ్ళు తమ ఊరి నూలు తెస్తారు. దాన్నీ మా నూలునూ కలిపి ఒక పడుగు చేస్తాం. మగ్గం మీద నిలువుగా సాగే పోగుల వరుసే పడుగు. దానికి అందరి చేతులూ తగలాలి. ఆ బట్ట మా కులదేవుడి పెండ్లికి పోతుంది.

ఆ ఏడు వంతు మాది. కానీ అప్పటికి షోలాపూర్ ఒక దేశమైంది, మా ఊరు ఇంకొక దేశంలో మిగిలిపోయింది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, అక్కడ మూడు రంగుల జెండా లేచింది. మాది మాత్రం నిజాం రాజ్యమే. అదే రైలు, అవే పట్టాలు, నడుమ ఒక సరిహద్దు. ఆ సర్కారు ఇలాకాలో ఈసారి కాలు పెట్టేది లేదనీ, మీరే ఇక్కడికి రండనీ షోలాపూర్ పెద్దలు తీర్మానించారు. ఆ తీర్మానానికి నాయకుడు మా మామ, అంటే మా నాయిన చెల్లెలి మొగుడు.

నిజం చెప్పాలంటే నాకు ఆ మాట నచ్చింది. కాలేజీలో జెండా కోసం అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి.

“మామ చెప్పింది నిజమే గద నాయినా. గీ సర్కారు నీడల కూటం పెడితే, గీ సర్కారును ఒప్పుకున్నట్టే గద?” అన్నాను.

“ఒప్పుకుంటవా అని నన్నెవరన్న అడిగిన్రారా?” అన్నాడు నాయిన. “ఆ మాటలు పక్కకు పెట్టు. మీ అవ్వను జూడు.”

అవ్వ, అంటే నాయిన తల్లి, అరుగు మీద కూర్చొని నూలు కండెలు చుడుతోంది. కింద పడి తుంటి విరిగినప్పటి నుంచి గోడ పట్టుకుంటే తప్ప అడుగు వెయ్యలేదు. సరిహద్దు లేకుంటే ఎత్తుకొని రైలు ఎక్కించి, అక్కడ ఎత్తుకొని దింపేవాళ్ళం. ఇప్పుడు సరిహద్దులో అందరూ బండి దిగాలి, పెట్టె విప్పి వరుసలో నిలబడాలి. అవ్వ నిలబడలేదు. అటు నుంచి అత్త రావాలంటే, ఆ గడబిడ రోజుల్లో ఆడమనిషి ఒక్కతే రైలెక్కే మాట లేదు. కూటానికి అందరితో కలిసి రావాల్సిందే. కూటం ఇక్కడైతే అవ్వ కూతురిని చూస్తుంది. అక్కడైతే చూడదు. లెక్క అంతే. అవ్వ కూతురిని చూసి అప్పటికే రెండో ఏడు నడుస్తోంది.

“బీయే అంటే ఏంది బిడ్డా?” అంది అవ్వ కండె తిప్పుతూనే.

“పెద్ద సదువు అవ్వా.”

“గంత పెద్దదా? అయితే పోయి నా అల్లున్ని ఒప్పిచ్చుకరా. సదువు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తది.”

మర్నాడే నేను రైలెక్కాను.

సరిహద్దులో మా సర్కారు కరోడ్‌గిరి జవాను, అంటే సుంకం వసూలు చేసేవాడు, నా పెట్టె విప్పించాడు. “బీయే పాసైన” అన్నాను, మర్యాదగా చూస్తాడని. వాడు మూట విప్పి, “బీయే పాసైనోని పెట్టెల సజ్జ రొట్టెలేనా?” అని పక్కవాడికి చూపించి నవ్వాడు. కొంత దూరం పోయాక అవతలి సర్కారు వాళ్ళు కూడా అదే పెట్టె విప్పించారు. వాళ్ళకూ చెప్పాను. స్వతంత్ర దేశం కాబట్టి కొంచెం ఎక్కువ గౌరవం దొరుకుతుందనుకున్నాను. వాళ్ళు ఒక రొట్టె తీసి వాసన చూసి లోపల పెట్టారు.

షోలాపూర్‌లో మామ ఇల్లు దూరం నుంచే చప్పుడు చేస్తుంది. ముందు గదిలోనే మగ్గాలు. మామ లావుపాటి మనిషి. కోపంలో కూడా నవ్వించకుండా మాట్లాడలేడు. నన్ను చూడగానే చేతులు జోడించాడు.

“రావయ్యా రాయబారీ! సర్కారు వారు ఏం సెలవిచ్చిన్రు? సలాం కొట్టమన్నరా?”

“బీయే పాసైన మామా.”

“అయితే ఇంగిలీషుల కొట్టాల్నా సలాం?”

లోపలి నుంచి అత్త పరుగెత్తుకొచ్చింది. నా తల నిమిరి, మెటికలు విరిచి, “అల్లుడా, మా అమ్మ ఎట్లున్నదిరా?” అంది. పాసయ్యానన్న మాట ఆమె చెవిన పడనేలేదు. పడినా ఆ పూట అందులో ఆమెకు అక్కరకొచ్చేదేమీ లేదు.

“కండెలు జుడుతున్నది అత్తా. నువ్వొస్తవని ఎదురుజూస్తున్నది.”

అత్త మామ వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది. వంటింట్లో గిన్నెలు మామతో ఆమెకు బదులుగా మాట్లాడాయి.

అన్నం తిన్నాక వాదం మొదలైంది. నాయిన చెప్పి పంపిన మాట నేను ఒప్పజెప్పాను. “మామా, సర్కారు మారినప్పుడల్ల కూటం జాగ మారాలంటే, గీ కూటం మనదా, సర్కారుదా? సర్కారు మీది కోపం మా ఇంటి మీద తీస్తరా? మీరు రాకుంటే సర్కారుకు ఏం తక్కువైతది? మా అవ్వకే తక్కువైతది.”

మామ ఈసారి నవ్వలేదు. నన్ను లేపి వెనక వసారాలోకి తీసుకుపోయాడు. అక్కడ రెండు సంసారాలున్నాయి. సరిహద్దుకు ఇవతల, మా వైపు ఊళ్ళవాళ్ళే. తుపాకులు పట్టుకొని తిరిగే దండుకు భయపడి, మగ్గాలు అట్లాగే వదిలి వచ్చారు. ఒకామె పిల్లకు తల దువ్వుతోంది. నన్ను చూసి “మా దిక్కు వానలు పడ్డయా నాయినా?” అని అడిగింది, ఏదో చుట్టపుచూపుగా వచ్చినట్టు.

మళ్ళీ ముందు గదిలోకి వచ్చాక మామ మెల్లగా అన్నాడు. “అల్లుడా, మీ ఊర్ల సభ పెట్టాల్నంటే సర్కారుకు అర్జీ పెట్టాలె. అవునా? కుర్సీ ఏసి అమీన్ సాబును కూసోబెట్టాలె. ఆ జెండా కింద నిలబడాలె. రేపు సర్కారు ఏమంటది? సూడుండ్రి, షోలాపూరోళ్ళు గూడ వచ్చిన్రు, మా దగ్గర అంత చల్లగనే ఉన్నది అంటది. గీ వసారల ఉన్నోళ్ళ ముంగట నేను గా పని ఎట్ల చెయ్యాలె? చెప్పు, బీయే పాసైనవు గద.”

మామ చెప్పినదంతా నేను కాలేజీలో చెప్పినదే. నాయిన చెప్పినదీ తప్పు కాదు. రెండూ సరైనవే అయినప్పుడు ఏం చెయ్యాలో నా మూడేళ్ళ పాఠాల్లో ఎక్కడా రాలేదు.

అయినా పాసైన ఊపులో ఉన్నాను కదా. “మామా, అర్జీ లేకుండ, కుర్సీ లేకుండ, జెండా లేకుండ కూటం పెడితే వస్తవా?” అన్నాను.

మామ కనుబొమలెత్తాడు. “ఇజాజత్ అడుగకుండ?”

“ఎవ్వరిని అడుగకుండ.”

“గట్లయితే ఎందుకు రాను? పాకుకుంటనైన వస్త. కాని ఎట్ల పెడతవు?”

“గది నాకిడిసిపెట్టు” అన్నాను. ఎట్లా పెడతానో నాకు ఆవగింజంతైనా తెలియదు. నలుగురు ఒకచోట నిలబడితే జవాను వచ్చే కాలం అది.

స్టేషనుకు పోయే ముందు అత్త ఒక నూలు చిలప, అంటే పోగుల చుట్ట, నా సంచిలో పెట్టింది. “మా అమ్మకు చెప్పు, నేనొచ్చి ఎదురు కుంచె పడతా అని. ఆమె గంజి పెడితే ఎదురు నిలబడి నేనే పడుతుంటి. ఆ సుఖం ఇంగ ఏ పనిల లేదు.”

రైల్లో ఆ చిలపను ఒళ్ళో పెట్టుకొని దిగులుగా కూర్చున్నాను. ఎదురు కుంచె, ఎదురు కుంచె అని చక్రాలు అంటున్నట్టుంది. మళ్ళీ సరిహద్దులో దిగి వరుసలో నిలబడ్డప్పుడు, నా ముందరా వెనకా జనాన్ని చూస్తుంటే తట్టింది. అక్కడే గట్టిగా నవ్వాను. జవాను నా పెట్టె రెండుసార్లు వెతికాడు.

పడుగుకు గంజి పెట్టేది ఇంట్లో కాదు, వీధిలో. తెల్లవారుతుండగా, ఎండా గాలీ లేవకముందే, వీధి పొడుగునా పడుగు పరిచి, దానికి గంజి పట్టించి, ఇటొకరు అటొకరు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతారు. తెగిన పోగులు అతికేవాళ్ళు కొందరు, గంజి తెచ్చేవాళ్ళు కొందరు. పడుగు పొడుగైనకొద్దీ జనం ఎక్కువ కావాలి. ఏ రాజు కాలంలోనూ ఏ నేతగాడూ గంజికి అర్జీ పెట్టింది లేదు. మా కూటానికి ఉన్న గుండెకాయ అదే. కుర్సీలూ ఉపన్యాసాలూ తర్వాత తగిలించుకున్నవి.

నాయినకు చెప్పగానే తొడ చరిచాడు. “గంజి పొద్దునే కూటం! పడుగు దువ్వుకుంట మాట్లాడుకుందము. ఎవడు వచ్చి ఏమంటడు?”

“ఎండ ముదిరేలోపు ముగించాలె మరి. గంజి ఆరితే కుంచె నడువదు” అంది అవ్వ. ఆమె కళ్ళప్పటికే వీధి చివర ఉన్నాయి.

కబురు అందుకున్న షోలాపూర్ వాళ్ళు ఒక్కసారిగా రాలేదు. ఒక బండిలో ఒక ఇల్లు, మరుసటి బండిలో ఇంకొక ఇల్లు. చివరి జట్టు కూటం రోజు చీకటి విడుస్తుండగా స్టేషను నుంచి ఎడ్లబండ్లలో వచ్చింది. మామ దిగాడు, చంకలో నూలు మూట. వసారాలో ఉన్న రెండు సంసారాలు పంపిన నూలు అందులో ఉంది. పడుగులో తెగిన పోగులు అతకడానికి దాన్నే వాడాం. వెనక అత్త దిగింది.

అప్పటికే పడుగు పరిచి గంజి పట్టించాం. అవ్వను కుర్చీపీట మీద కూర్చోబెట్టి మోసుకొచ్చి ఒక పక్కన దించాం. మొదటి కుంచె ఆమెదే కావాలి, ఆమెదే అయింది. అత్త పరుగున వచ్చింది. నేను ఏడ్పులు, కౌగిలింతలు అనుకొని పక్కకు తప్పుకున్నాను.

“ఆగు! చెయ్యి కడుక్కున్నవా?” అంది అవ్వ.

“కడుక్కున్ననే అమ్మా!”

“అయితే ఆ దిక్కు నిలబడు. కుంచె పట్టు. గంజి గుంజుకుంటున్నది.”

గంజి తడి మీద పడుగును విడిచిపెట్టకూడదు. అది మావాళ్ళకు వేదం. అందుకని రెండో ఏడు నడుస్తుండగా కలిసిన తల్లీ కూతుర్లు, ఒకరినొకరు ముట్టుకోకుండా, ఆ పోగులకు అటొకరు ఇటొకరుగా కుంచెలు లాగారు. అవ్వ ఉన్నచోటు నుంచే లాగింది. ఆమె కుంచె అందని చోట కోడళ్ళు అందుకున్నారు. ఇద్దరి కళ్ళ నుంచీ నీళ్ళు కారుతున్నాయి, ఇద్దరి నోళ్ళూ ఆగలేదు.

“బక్కగయినవేందే?”

“నువ్వే బక్కగయినవు. కూర్చున్నకాడ తింటలేవా?”

“అల్లుడు మంచిగ జూస్తున్నడా?”

“తీర్మానాలు చేస్తున్నడు!”

వీధి వీధంతా నవ్వింది. మామ కూడా పోగు అతుకుతూ నవ్వాడు. అట్లా మొదలైంది కూటం. పడుగు ఆ చివర ఒక సంబంధం మాట లేస్తే, కుంచెలతో పాటు నడిచి ఈ చివరికి వచ్చేసరికి కుదిరిపోయింది. పుట్టినవాళ్ళను చెప్పారు, పోయినవాళ్ళను చెప్పారు. నా వంతు ఎప్పుడొస్తుందా అని గంజి కుండ పట్టుకొని తిరుగుతున్నాను.

అప్పుడు వచ్చాడు అమీన్ సాబు, మా ఊరి పోలీసు అధికారి. సైకిలు మీద, వెనక ఇద్దరు జవాన్లు. వీధి మొత్తం ఒక్కసారి నోరు మూసుకొని కుంచె లాగింది.

“యే క్యా జల్సా హై?” అన్నాడు, ఇదేం సభ అని.

నాయిన నా వైపు చూశాడు. నేను కుండ దించి, కాలేజీలో నేర్చుకున్న ఉర్దూ అంతా బయటికి తీశాను. జల్సా కాదు హుజూర్, ఇది పడుగు, దేవుడి పెండ్లి బట్ట, గంజి పెడుతున్నాం అని ఇంత పొడుగున చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. అంత చక్కని ఉర్దూ నేతవీధిలో విన్నందుకు కాబోలు, “నువ్వేం చదివినవు?” అన్నాడు.

“బీయే, సాబ్. మొన్ననే పాసైన.”

ఆయన ముఖం విచ్చుకుంది. చెయ్యి చాపాడు. “ముబారక్ హో బేటా! మా వాడు రెండుసార్లు తప్పిండు.”

నా బీయేకు దొరికిన మొదటి ముబారక్ అది. నేను ఏ సర్కారును కూలదొయ్యాలని అరిచానో ఆ సర్కారు మనిషి నోటి నుంచి! నా చేతి గంజి ఆయన చేతికంటింది. తుడుచుకోలేదు. మామ తల దించుకొని, భుజాలు కదిలేలా నవ్వాడు.

అమీన్ సాబు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. కొత్త ముఖాలను చూశాడు, ఎడ్లబండ్లను చూశాడు. ఆయన పిచ్చివాడేం కాదు. “ఇంతమంది ఎందుకు?” అన్నాడు.

“పడుగు పొడుగు సాబ్” అన్నాడు నాయిన.

“ఎప్పుడు ఆరుతది?”

“ఎండ ముదురంగనే.”

“ఆరినంక ఈడ ఎవ్వరు ఉండొద్దు” అని, సైకిలు ఎక్కకుండా అట్లాగే నిలబడ్డాడు.

ఆయన నిలబడ్డంతసేపూ మావాళ్ళకు ఏం చెయ్యాలో తోచక గంజి పెడుతూనే ఉన్నారు. కుండ ఖాళీ అయితే ఇంకో కుండ. దువ్విందే దువ్వారు, పెట్టిందే పెట్టారు. ఏ సర్కారుకూ భయపడని అవ్వ చివరికి అరిచింది.

“సాలు సాలు! బట్ట నేస్తరా, తలుపు జేస్తరా?”

అమీన్ సాబుకు తెలుగు బాగానే వచ్చు. ఫక్కున నవ్వి, సైకిలెక్కి పోయాడు.

ఎండ ముదురుతోంది. మిగిలిన మాట ఒక్కటే, వచ్చే ఏడు ఎక్కడ అని. మామ తన కుంచె దించాడు.

“నేను అర్జీ పెట్టలే, జెండాకు మొక్కలే. నా మాట నిలబడ్డది. బావ మాట గూడ నిలబడ్డది. ఇంగ సర్కారును జూసి జాగ ఎంచుడు వద్దు, సర్కారును జూసి భయపడి ఇడుసుడు వద్దు. కదలలేనోళ్ళు యాడుంటే కూటం ఆడ. కదిలేటోళ్ళు పోవాలె.”

పడుగు రెండు పక్కల నుంచీ అందరూ అవునన్నారు. పడుగును చుట్టి ఎత్తాక, అప్పుడు వెళ్ళింది అత్త అవ్వ ఒళ్ళోకి. ఆ సంగతి నేను రాయను.

ఆ పడుగుతో నేసిన పంచె నిజంగానే తలుపులా నిలబడింది. దేవుడికి కట్టడానికి పూజారి తంటాలు పడ్డాడు. ఆ సందడిలో నా బీయే మాట కూటంలో చెప్పడం అందరూ మరిచిపోయారు. అమీన్ సాబు లెక్కలో నేను పాసయ్యాను, మావాళ్ళ లెక్కలో ఇంకా కాలేదు.

వానాకాలం చివర్లో పోలీసు చర్య జరిగింది. పటాలాలు వచ్చాయి, నిజాం సర్కారు లొంగిపోయింది, సరిహద్దు లేచిపోయింది. మామ వసారాలోని సంసారాలు తమ మగ్గాల దగ్గరికి తిరిగి పోయాయి. మరుసటి కూటం దగ్గర పడుతుండగా షోలాపూర్ నుంచి కబురు వచ్చింది. మామకు మోకాలు పట్టేసిందట. అడుగు తీసి అడుగు వెయ్యలేడట. కదలలేనోళ్ళు ఎక్కడుంటే కూటం అక్కడ అని మాట ఉంది కనుక, ఈసారి షోలాపూరే అట.

“దొంగ మోకాలు!” అన్నాడు నాయిన. “అవ్వ కంటె కదలలేనోళ్ళు ఎవరున్నరు? కూటం ఈడనే.”

అవ్వ కండె ఆపింది. “ఇప్పుడు నడుమల బండి దిగుడున్నదా?”

“లేదవ్వా. ఈడ ఎక్కితే షోలాపూర్‌లనే దిగుడు.”

“అయితే నేను కదలలేనని ఎవరన్నరు? లేపుండ్రి నన్ను. అల్లుని మోకాలు నేనే జూస్త.”

నాయినా నేనూ పీటతో సహా ఎత్తి రైలెక్కించాం. కిటికీ పక్కన కూర్చోబెట్టాం. పోయిన ఏడు పెట్టెలు విప్పిన చోట బండి ఆగనైనా ఆగలేదు. అవ్వ కొంగు సర్దుకొని, ఎదురుగా కూర్చున్న ముక్కూముఖం తెలియని మనిషి వైపు వంగింది.

“షోలాపూర్ పోతున్నం. మా బిడ్డ ఉన్నది ఆడ” అంది. తర్వాత నా మోకాలు మీద చెయ్యి వేసి, బోగీ అంతా వినబడేలా అంది. “వీడు నా మనుమడు. బీయే పాసైండు!”